ఇద్దరమే చేసే ప్రయాణం

చిన్నమ్మాయి పెళ్ళి అయిన తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఇరవై ఆరేళ్ళుగా మేము మాట్లాడుకున్నదంతా పిల్లల ఫీజులు, జ్వరాలు, సంబంధాలు, ఇంటి అప్పు వాయిదాల గురించేనని అప్పుడు తెలిసివచ్చింది. అల్లాహ్ దయవల్ల ఆ పనులన్నీ ఒక్కొక్కటిగా తీరిపోయాయి. భార్యాభర్తలుగా మాకు మిగిలిందేమిటో మాత్రం కొత్తగా వెతుక్కోవలసి వచ్చింది. పెళ్ళికో, పరామర్శకో, ఆసుపత్రికో కాకుండా ఇద్దరమే కొన్ని రోజులు ఎక్కడికైనా వెళ్ళిరావాలన్న ఆలోచన అలా పుట్టింది.

ఈ మాట బయటపెట్టగానే బంధువులు అడిగిన మొదటి ప్రశ్న, "ఆ డబ్బుతో ఉమ్రా చేసి రావచ్చు కదా?" అని. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. హజ్ విధి నెరవేర్చుకుని నాలుగేళ్ళయింది. అదే మిగిలి ఉంటే మరో ప్రయాణం ఊసు ఎత్తేవాళ్ళం కాదు. ఉమ్రా కోరిక మాకూ ఉంది. అయితే ఆరాధన కోసం చేసే ప్రయాణానికీ, దాంపత్యం కోసం చేసే ప్రయాణానికీ పోటీ పెట్టడం సరికాదనిపించింది. రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడుపుతున్న ఒక సహచరునితో దైవప్రవక్త (సల్లం) నీ శరీరానికి నీపై హక్కు ఉందనీ, నీ భార్యకు నీపై హక్కు ఉందనీ చెప్పారు. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసి ఓడిపోయారు. కొంతకాలానికి మరోసారి పందెం వేసి గెలిచారు. సమాజ భారమంతా మోస్తున్న ఆ మహనీయునికే తన భార్యతో పరుగెత్తడానికి తీరిక దొరికింది. మాబోటివారికి తీరిక లేదనడం సాకే అవుతుంది.

హద్దులు మాత్రం ముందే గీసుకున్నాము. అప్పు చేయకూడదు. జకాత్ లెక్క తేలిన తర్వాతే ఖర్చు లెక్క మొదలుపెట్టాలి. నమాజు తప్పే చోటికి, హలాల్ భోజనం కోసం దేవులాడవలసిన చోటికి వెళ్ళకూడదు. ఫొటోలు చూపించి నలుగురిలో గొప్పలు చెప్పుకోవడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది ప్రశ్న. మాలో ఒకరికి సముద్రం కావాలి. మరొకరికి పాత మసీదులు, చేతిపనులు, కొత్త మనుషులు కావాలి. బాపట్ల దగ్గరి సూర్యలంకకు ఎన్నోసార్లు వెళ్ళాము. ప్రతిసారీ పిల్లలు నీళ్ళలో ఉండేవారు, మేము ఒడ్డున చెప్పులకూ సంచులకూ కాపలా ఉండేవాళ్ళం. నిండుగా బట్టలు కట్టుకున్న స్త్రీ ఎవరి చూపులకూ జంకకుండా మోకాలి లోతు నీళ్ళలో నిలబడగలగడం చిన్న కోరికే. అది తీరకుండానే సగం జీవితం గడిచిపోయింది.

మొదట మాల్దీవుల గురించి ఆలోచించాము. ఇబ్నె బతూతా కొంతకాలం ఖాజీగా పనిచేసిన దేశం అది. రాజధాని మాలేలో పగడపు రాతితో 1658లో కట్టిన జుమా మసీదు ఉంది. కానీ పర్యాటకుల కోసం వేరుగా ఉంచిన రిసార్టు దీవుల్లో మద్యం దొరుకుతుంది. అక్కడి అద్దెలూ మా అందుబాటులో లేవు. పైగా అలాంటి దీవిలో స్థానికుల ఇళ్ళు గానీ, బజారు గానీ కనిపించవు. ఒక దేశానికి వెళ్ళి ఆ దేశ ప్రజలను చూడకుండా తిరిగిరావడం మాలో రెండోవారికి నచ్చలేదు.

చివరికి మా చూపు ఇండోనేషియాలోని లొంబోక్ దీవి మీద నిలిచింది. బాలి దీవికి తూర్పున, ఒక జలసంధి అవతల ఉంటుంది. అక్కడి జనంలో ఎక్కువమంది ససాక్ జాతికి చెందిన ముస్లిములు. ఊరూరా కనిపించే మసీదుల వల్ల దానికి 'వేయి మసీదుల దీవి' అనే పేరు వచ్చింది. ముఖ్య పట్టణం మతారంలోని ఇస్లామిక్ సెంటర్ మినారు చాలా ఎత్తైనది. ఉత్తరాన 3,726 మీటర్ల రింజానీ అగ్నిపర్వతం దిగువన, బయాన్ గ్రామంలో వెదురు తడికెల గోడలతో కట్టిన ప్రాచీన మసీదు ఉంది. నమాజుకు అంత ఎత్తు మినారూ అడ్డు కాదు, అంత చిన్న తడికె గోడా తక్కువ కాదు. ఆ రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడాలని నిశ్చయించుకున్నాము.

చదివేకొద్దీ ఆ దీవి మాకు పరాయిది కాదనిపించింది. పోచంపల్లి చీరలకు మనం వాడే 'ఇక్కత్' అన్న మాట మలయ్, ఇండోనేషియా భాషలదే. కట్టడం, ముడివేయడం అని దాని అర్థం. లొంబోక్‌లోని సుకరార గ్రామంలో ఆడపిల్లకు పెళ్ళికి ముందే మగ్గం పని వచ్చి ఉండాలన్నది ఆచారం. సాదె గ్రామంలో ఇంటి నేలను ఇప్పటికీ పేడతో అలుకుతారు. జావా భాషలో లొంబోక్ అంటే మిరపకాయ. గుంటూరు వాళ్ళం కనుక ఆ మాటకు మా ఇద్దరికీ నవ్వొచ్చింది. అక్కడ పేరుమోసిన 'తలివాంగ్' కోడి కాల్పు, మిరప పచ్చడితో కలిపి వడ్డించే తూటికూర మా నాలుకకు కొత్తగా అనిపించకపోవచ్చు.

అమ్మీ ఒప్పుకోకపోతే ఈ ఆలోచనను విరమించుకుందామనే అనుకున్నాము. ఆమెకు 82 ఏళ్ళు. రాత్రిపూట లేవాలంటే చేయి అందించాలి. పెద్దమ్మాయి వచ్చి ఎనిమిది రోజులు ఉంటానంది. అందుకే ప్రయాణాన్ని పన్నెండు రోజుల నుంచి ఎనిమిది రోజులకు కుదించాము. లొంబోక్‌లో భూకంపాలు వస్తాయని ఎవరో ఆమెకు చెప్పారు. అది నిజమే. 2018 జూలై, ఆగస్టు నెలల్లో వరుసగా వచ్చిన భూకంపాల్లో 500 మందికి పైగా చనిపోయారు. ఎన్నో ఇళ్ళు, మసీదులు కూలిపోయాయి. ఈ సంగతి ఆమె దగ్గర దాచలేదు. ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఉండిపోయింది. తర్వాత, "అక్కడి వాళ్ళు మళ్ళీ కట్టుకుని బతుకుతున్నారు కదా. వెళ్ళి వాళ్ళను చూసి రండి" అంది. పెద్ద హోటళ్ళు వదిలి స్థానిక కుటుంబాలు నడిపే చిన్న బసల్లో దిగాలని నిర్ణయించుకున్నది ఆ మాట విన్న తర్వాతే.

ఇప్పుడు ప్రణాళిక ఒక రూపానికి వచ్చింది. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు తక్కువ కాబట్టి జూన్‌లో వెళ్తాము. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్ మీదుగా విమానం. మొదటి రెండు రోజులు మతారంలో, తర్వాతి మూడు రోజులు దక్షిణ తీరంలో ఉంటాము. అక్కడి సెలాంగ్ బెలానక్ తీరంలో అలలు మెత్తగా వస్తాయట. చివరి రోజులు బయాన్ వైపు, గిలి ఎయిర్ అనే చిన్న దీవిలో గడుపుతాము. ఆ దీవిలో మోటారు వాహనాలు లేవు. గుర్రబ్బళ్ళు, సైకిళ్ళే తిరుగుతాయి. పక్కనున్న గిలి త్రవంగన్ రాత్రి పార్టీలకు పేరుపడింది కాబట్టి దాన్ని వదిలేశాము. ముస్లిముల దీవి అన్నంత మాత్రాన పర్యాటకులు తిరిగే వీధుల్లో మద్యం ఉండదనుకోకూడదు. బస కుదుర్చుకునేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకుంటున్నాము.

నమాజుల లెక్క కూడా కాగితం మీద పెట్టుకున్నాము. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. ఖిబ్లా ఇక్కడిలాగే పడమర, కాస్త ఉత్తరానికి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం పదిహేను రోజులకు తక్కువ ఉండే ప్రయాణికులం కనుక విడిగా చదివేటప్పుడు నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే నాలుగూ పూర్తి చేయాలి. వాళ్ళు షాఫయీలు. అసర్ అజాన్ మనకన్నా ముందే వినిపిస్తుంది, ఫజర్‌లో ఖునూత్ చదువుతారు. ఒకే ఉమ్మత్‌లోని ఈ తేడాలను ఒకే సఫ్‌లో నిలబడి చూడటం కూడా మాకు విజ్ఞానమే.

టిక్కెట్లు తీసుకున్న రోజున అమ్మీని, "నీకేం తీసుకురమ్మంటావు?" అని అడిగాము. వస్తువులేమీ వద్దంది. మూడు దుఆలను అల్లాహ్ తిరస్కరించడని హదీసులో ఉంది: పీడితుని దుఆ, ప్రయాణికుని దుఆ, సంతానం కోసం తల్లిదండ్రులు చేసే దుఆ. "మీ వంతు మీరు అక్కడ చేయండి, నా వంతు నేను ఇక్కడ చేస్తాను" అంది. మేము తిరిగివచ్చేదాకా అల్లాహ్ ఆమెను చల్లగా చూడాలని కోరుకుంటూ సామాను సర్దుకుంటున్నాము.