కౌంటు సూది వేయుచోట

హైదరాబాదులోని ఒక కాన్సరు ఆసుపత్రిలో, కీమోథెరపీ ముగించుకొని ఆ పూటకే ఇల్లు చేరువారికై ఏర్పరచిన వార్డును చూడబోయితిని. మిత్రుడైన వైద్యుడు నన్ను నేరుగా ఫ్రిజ్జు కడకు తోడ్కొనిపోయెను. 2 మొదలు 8 డిగ్రీల సెల్సియస్ చలువలో ఫిల్‌గ్రాస్టిమ్ సూదులు వరుసదీరి యుండెను. రోగులు దీనిని కౌంటు సూది యందురు.

కాన్సరు కణమేదో, ఎముక మూలుగలో పుట్టు కణమేదో యను వివేకము కీమో మందునకు లేదు. త్వరితముగా విభజన చెందుదానినెల్ల అది హతమార్చును. అందుచే సాధారణముగా 7 నుండి 14 దినముల నడుమ తెల్లకణములలోని న్యూట్రోఫిల్స్ సంఖ్య, అనగా రోగులు చెప్పు కౌంటు, అడుగంటును. మైక్రోలీటరు రక్తమున అవి 500కు దిగినచో, మన ప్రేవులలో సాధువులై వసించు సూక్ష్మజీవులే శత్రువులగును. మూలుగను మేల్కొలుపుటకు దేహము స్వయముగా చేసికొను ప్రోటీనుకు ప్రతిరూపమే ఈ ఫిల్‌గ్రాస్టిమ్. ఆ ప్రోటీను జన్యువును 1986లో అమెరికాలోని ఆమ్‌జెన్ శాస్త్రజ్ఞులు బాక్టీరియాలో నిలిపిరి. 1991లో అక్కడ అనుమతి లభించెను. 2001లో మన హైదరాబాదు సంస్థయగు డాక్టర్ రెడ్డీస్ దీనినే గ్రాఫీల్ పేర విడుదల చేసినది.

కీమో ముగిసిన 24 గంటలకు గాని ఈ సూది వేయరాదట. కీమో మందు దేహమున నుండగనే మూలుగను తొందరించుట, మిడతల దండు దిగియున్న పొలమున నారు పోయుట వంటిది.

నల్లగొండ ప్రాంతపు వృద్ధురాలొకతె నడుము పట్టుకొని వచ్చెను. "సిస్టరమ్మా, సూది ఏసినకాన్నుంచి బొక్కలన్నీ గుంజుతున్నయి" అనగా, వార్డులోని నర్సు "మూలుగ పనిలో పడ్డదమ్మా, రెండు మూడు రోజుల్ల తగ్గుతది" అనుచు, మిగిలిన సూదులను మంచుగడ్డ తగులకుండ కాగితమున చుట్టి థర్మకోల్ పెట్టెలో సర్దుచుండెను. అవి గడ్డకట్టరాదు, కుదుపరాదు. బస్సులో ఊరికి పోవువారికి ఇది చిన్న నియమము కాదు. ఇన్ని సూదులకు మారుగా, కీమో విడతకు ఒక్కమారు చాలునట్టి దీని రూపాంతరము పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఉన్నది గాని, దాని వెల అందరి చేతికి అందదు.

ఈ సూది కాన్సరును మాన్పదు, అందరికిని అవసరము గాదు. కౌంటు అంకెపై మనవారికి గల భక్తిలో సగమైనను జ్వరముపై భయముండిన బాగుండునని నాకు తోచినది. కావున పాఠకులారా, కీమో పొందువారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరము కనబడినచో, సూది వేయించితిమిగదా యని మాత్ర మింగించి తెల్లవారుదాక ఆగక, ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపొండు.