సైకిలుబాట

బండి యున్నంతమాత్రమున ప్రయాణము సాగదు, బాటయు కావలెను. స్త్రీల స్వేచ్ఛకు సైకిలు చేసినంత మేలు లోకమున మరేదియు చేయలేదని 1896లో అమెరికా నాయకురాలు సూసన్ ఆంథొనీ యనెను. 1991లో పొరుగున తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో వేలకొలది స్త్రీలు అక్షరములతోపాటు సైకిలును నేర్చిరి. మన ప్రభుత్వమును పాఠశాల బాలికలకు సైకిళ్లు పంచినది.

కాని మా విశాఖపట్నపు వన్ టౌనును చూడుడు. కురుపాం మార్కెట్టు సందులలో ఆటోలు, తోపుడుబండ్లు; రేవువైపున లారీలు. 1933లో రేవు తెరచిననాటినుండి ఊరు పెరిగినది గాని పాతవీధులు పెరుగలేదు. ఇచ్చట ఆడపిల్లను సైకిలుపై పంపుటకు ఏ తల్లి జంకదు?

నాకు దొరకిన దారి యొక్కటే. వేకువను కోస్టల్ బ్యాటరీనుండి సముద్రతీరపు రోడ్డున కొంతసేపు వాహనములను రానీయరు. ఇంటిపనికి ముందు నేనచ్చట సైకిలు త్రొక్కుదును. అలలచప్పుడు తప్ప హారను వినబడదు. ఎండ యెక్కుసరికి మోటార్లు వచ్చును. నా స్వేచ్ఛయు ముగియును.

ఊరివెలుపల నట్లుగాదు. ఒక శీతకాలమున అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవకు పోయితిమి. చిత్తడినేలలో పక్షులు, చుట్టును పొలములు, ఆవల కొండలు. అచ్చటి మట్టిబాటపై మా అమ్మాయి, నేను సైకిలు వెనుక పట్టుకొనకయే, చాలదూరము త్రొక్కుకొని పోయెను. నా గుండె దడదడలాడలేదు.

ఇట్టి బాటకు తారు అక్కరలేదు. కంకరపరచి, మోటార్లను ఆపిన చాలును. నగరపాలకులను అడుగవలసినవారము మనమే. బిడ్డకు సైకిలు కొనిపెట్టు ప్రతి తల్లియు బాటనుగూడ అడుగుగాక!