వంగి చూసిన చేను

"దళితుడివి, నీ బొమ్మలో దళితులేరి? అర్థం కాని ఈ రంగులెవరికి?" ఉద్యమంలో నాతో నడిచిన మిత్రులే అడుగుతున్నారు.

మనుషుల్ని గీయడం చేతకాక కాదు. చూసింది చెప్పడానికి ఒక్కోసారి ఆకారమే అడ్డమొస్తుంది.

మాది రేపల్లె దగ్గర నగరం. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. గవర్నమెంటు బడిలో పంతుల్ని. నేను చదివిన పుస్తకాల్లో చేను బొమ్మంటే కింద పచ్చదనం, పైన నీలి ఆకాశం, మధ్యలో గీత. అది గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డవాడి చూపు. మా అమ్మ ముప్పయ్యేళ్ళు నాట్లేసింది. నడుం వంచినోళ్ళకి ఆ గీత కనపడదు. బురద, నారు, తమ వేళ్ళు, కాళ్ళ మధ్య నీళ్ళు. ఆ నీళ్ళల్లోనే ముక్కలైన ఆకాశం. నేను గీసింది అదే. బూడిదరంగు మీద నిలువు గాట్లు. పైనా కిందా లేదు. అమ్మ చూసి, "ఏందయ్యా ఇది, చూస్తుంటేనే నడుం లాగుతుంది" అంది. బొమ్మలో మనిషి యాడుందంటే, ఆ నడుంలో ఉంది.

నైరూప్యమంటే కళ్ళు మూసుకుని రంగులు చల్లడం కాదు. డచ్చి చిత్రకారుడు మోండ్రియన్ 1908 ప్రాంతం నుంచి 1912 దాకా చెట్లని మళ్ళీ మళ్ళీ గీశాడు. మొదట చెట్టు చెట్టులాగే ఉంది. పోనుపోను కొమ్మలు గీతలైనయ్. చూడక వదిలెయ్యలేదు, చూసి చూసి వదిలేశాడు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు నైరూప్య చిత్రాలతోనే ప్రపంచానికి తెలిశాడు. మా తెనాలి పక్క తుమ్మపూడిలో ఉండి సంజీవదేవ్ (1914–1999) చిత్రకళ మీద తెలుగులో రాశాడు. ఈ నేలకి పరాయిది కానిది మా పల్లెకే పరాయిదెట్లా అయింది?

ఏది వదలాలో, ఏది ఉంచాలో తేల్చేది చూసినవాడి బతుకే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ కాలవ ఒకరికి సాగునీరు. నాకు మట్టిరంగు పట్టీ, దాని మీద బిగించిన ముడి. శవాన్ని గీయలేదు, ముడి గీశాను. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ముడి వేసిన చేతులు నా బొమ్మలో లేవు, ఆ తీర్పులోనూ లేకుండా పోయినయ్.

బళ్ళో పిల్లలు చేను గీసి తెస్తే బాగుందనీ బాలేదనీ అనను. "యాడ నిలబడి చూశావురా, గట్టు మీదా, మళ్ళోనా?" అంటాను. మిత్రులారా, మిమ్మల్నీ అదే అడుగుతున్నా.