పావు వోల్టు

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఒకటే డౌట్. ప్రాసెసర్‌కి ఎంత వోల్టేజ్ దాకా ఇస్తే సేఫ్?" కొత్త కంప్యూటర్ కొనుక్కున్నాడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడికి కావల్సింది ఒక అంకె. 1.3 అనో 1.4 అనో చెబితే అక్కడొక గీత గీసుకుని, దానికి ఇవతల హాయిగా ఉంటాడు. "సాయంత్రం చెప్తా" అని పెట్టేశాను. అంకెలు తెలియక కాదు. వాడి ప్రశ్న నన్ను గౌలిపురాలో మా ఇంటి ముందుగదికి, 2004 ఎండాకాలానికి తీసుకుపోయింది.

అప్పట్లో ఆ గదిలో నాయిన డీటీపీ చేసేవాడు. ఛత్తాబజార్‌లో అచ్చయ్యే తెలుగు శుభలేఖల్లో కొన్ని మా ఇంట్లో పుట్టినవే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసి, ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీసి, ఆ కాగితాలు నలగకుండా అట్టల మధ్య పెట్టుకుని స్కూటర్ మీద ప్రెస్సుకి పోయేవాడు. ఉర్దూ కార్డులు పక్కగల్లీలో ఇన్‌పేజ్ తెలిసిన ఒకాయన చేసేవాడు. ఇద్దరూ ఒకరి గిరాకీని ఒకరికి పంపుకునేవాళ్ళు.

సాయంత్రమైతే మా గల్లీలో కరెంటు నీరసపడేది. 230 ఉండాల్సింది 170కి దిగేది, ట్యూబ్‌లైట్ వెలగనా మాననా అని కొట్టుకునేది. అందుకే నాయిన కంప్యూటర్ కంటే ముందు స్టెబిలైజర్ కొన్నాడు. దాని మీద ముల్లు ఆకుపచ్చ పట్టీలో ఉంటేనే కంప్యూటర్ స్విచ్ వేయాలి, అది ఇంటి రూలు. ముల్లు ఎర్రలోకి పోయిందంటే అమ్మ వంటింట్లోంచే "బంద్ చెయ్" అని కేకేసేది. చిట్టీ పాడి కొన్న మెషీన్ మరి.

రాత్రి అందరూ పడుకున్నాక నేను చేసే పని ఆ ముల్లుకి కనబడేది కాదు. మెషీన్ ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి పోయి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ని 3కి ఎక్కించేవాణ్ణి. అది ఏ కంపెనీదో చెప్పను, తప్పు దానిది కాదు. ఒకటిన్నర వోల్టుతో నడవాల్సిన చిప్ అది.

చిప్‌లో ట్రాన్సిస్టర్లు ఒక టిక్‌కీ ఇంకో టిక్‌కీ మధ్య తమ పని ముగించి కుదురుకోవాలి. వేగం పెంచామంటే టిక్‌లను దగ్గరగా జరిపినట్టే, కుదురుకోడానికి టైం చాలదు. వోల్టేజ్ పెంచితే తొందరగా కుదురుకుంటాయి. ఓవర్‌క్లాకింగ్ కిటుకంతా ఇంతే. బిల్లు మాత్రం వేడి రూపంలో వస్తుంది. వేగం పెరిగిన మేరకు వేడి పెరుగుతుంది, వోల్టేజ్ పెరిగితే దాని వర్గం మేరకు పెరుగుతుంది. 1.5 నుంచి 1.75కి పోతే పెరిగింది పావు వోల్టే కదా అనిపిస్తుంది. 1.75ని 1.5తో భాగించి వర్గం చేయండి, 1.36 వస్తుంది. దాన్ని వేగం పెరిగిన 1.25 రెట్లతో గుణిస్తే 1.7. పాతిక శాతం వేగానికి డెబ్భై శాతం ఎక్కువ వేడి. ఆ కాలపు చిప్‌లు మామూలుగానే 60, 70 వాట్లు తాగేవి. ఒకటిన్నర వోల్టు దగ్గర అంత పవర్ అంటే నలభైకి పైగా ఆంపియర్లు. మా ఇంటి మెయిన్ ఫ్యూజు కూడా అంత మోసేది కాదు. గోరంత చిప్ మోస్తోంది, అదీ రేకుల కింద, మే నెలలో. హీట్‌సింక్ ఎంత మంచిదైనా గదిలో గాలి కంటే చల్లబడదు గదా.

నాకు అప్పుడు ఇవన్నీ తెలియవా అంటే, సగం తెలుసు. 1998 నాటి సెలెరాన్ 300ఏ కథ తెలుసు. 66 మెగాహెర్ట్జ్ బస్సుని 100కి మారిస్తే 300 కాస్తా 450 అయి కూర్చునేది, మా తరానికి అదొక పురాణం. ఏఎండీ ఎథ్లాన్ల మీద తెగ్గొట్టిన వంతెనల్ని మామూలు పెన్సిల్ గీతతో కలిపేసినవాళ్ళ కథలూ తెలుసు. 2002, 2003లో నార్త్‌వుడ్ పెంటియమ్ 4లని 1.7 వోల్టులు దాటించినవాళ్ళకి అవి వారాల్లోనో నెలల్లోనో హఠాత్తుగా చచ్చిపోయేవి. దానికి ‘సడన్ నార్త్‌వుడ్ డెత్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టారు. అది కూడా చదివాను. చచ్చినవి వేరేవాళ్ళవి.

మార్చిలో 1.6 దగ్గర మెషీన్ నిలకడగా నడిచింది. సూపర్ పై ప్రోగ్రామ్ పది లక్షల అంకెలదాకా పై విలువ లెక్కగట్టి తప్పు లేకుండా ముగించేది. ఏప్రిల్‌కొచ్చేసరికి అదే 1.6 దగ్గర గేమ్ మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. 1.65 చేశాను, సర్దుకుంది. రెండు వారాలకి 1.7. మే మొదట్లో 1.75. ప్రతిసారీ సమస్య తీరినట్టే అనిపించింది. చిప్ అరుగుతోందనీ, అరిగినందుకే ఎక్కువ అడుగుతోందనీ, నేనిచ్చే ఆ ఎక్కువే దాన్ని ఇంకా అరగదీస్తోందనీ తట్టలేదు.

ఈ అరుగుదల ఉత్తమాట కాదు. కరెంటు పోతున్నప్పుడు ఎలక్ట్రాన్లు దారిలో ఉన్న లోహపు అణువుల్ని కొద్దికొద్దిగా ముందుకు నెడతాయి. మన ఇంటి వైర్లలో అది లెక్కలోకి రాదు. చిప్‌లో తీగలు మరీ సన్నం కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ ఒకచోట పల్చబడి, ఇంకోచోట పోగుపడతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. 1969లో జేమ్స్ బ్లాక్ అనే ఇంజనీరు దీనికి సూత్రం రాశాడు. దాని ప్రకారం కరెంటు సాంద్రత రెట్టింపయితే తీగ ఆయుష్షు నాలుగో వంతుకి పడిపోతుంది, వేడి తోడైతే ఇంకా దారుణం. పైగా ట్రాన్సిస్టర్ గేటు కింద ఇన్సులేషన్ పొర ఒకటుంటుంది. ఆ తరం చిప్‌లలో దాని మందం రెండు నానోమీటర్లు కూడా ఉండదు. ఎక్కించిన వోల్టేజ్ భారం పడేది దాని మీద. కంపెనీవాళ్ళు రాసే లిమిట్ వెనక ఇదంతా ఉంటుంది. ఇంత వేడిలో, ఇంత పని చేస్తే, ఇన్నేళ్ళు బతకాలి అన్న లెక్క అది. లెక్కలో ఏళ్ళున్నాయి, అంకెలో కనబడవు.

వైశాఖం ముహూర్తాలప్పుడు, ఒక శుభలేఖ సేవ్ చేస్తుండగా మెషీన్ ఆగిపోయింది. ఫైల్ మళ్ళీ తెరుచుకోలేదు. నాయిన రాత్రంతా కూర్చుని మొదటినుంచీ కొట్టాడు. తెల్లవారుజామున బంధువుల పేర్ల దగ్గర మళ్ళీ ఆగింది. పొద్దున ప్రెస్సువాళ్ళు ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. నాయిన ఎవర్నీ ఏమీ అనలేదు. "లైన్ల వోల్టేజ్ మంచిగ లేదు" అనుకుంటూ కోఠీ గుజరాతీ గల్లీకి పోయి పెద్ద స్టెబిలైజర్, ఒక యూపీఎస్ తెచ్చాడు. నాలుగు వేలు, అప్పు.

ఆ రాత్రే నేను భయపడి అన్నీ మామూలుకి తెచ్చాను. 2.4, ఒకటిన్నర. మెషీన్ పది రోజులు చక్కగా నడిచింది. "చూసినవా, స్టెబిలైజర్ తోని సెట్ అయింది" అని నాయిన వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. పక్కగల్లీ ఇన్‌పేజ్ ఆయనకి కూడా అలాంటిదే కొనమని సలహా ఇచ్చాడు.

పదకొండో రోజు నేను మళ్ళీ 1.75 పెట్టాను.

జూన్‌లో ఒక పొద్దున ఫ్యాన్ తిరిగింది, తెర మీద ఏమీ రాలేదు. ప్రాసెసర్ పట్టుకుని సికింద్రాబాద్‌లో కొన్న షాపుకి పోయాం. నాయిన కౌంటర్ దగ్గర నిలబడి, "మా దిక్కు కరెంటు ఖరాబుంటది సార్, ఎంత జాగ్రత్త పడ్డా..." అని, తన తప్పు ఒప్పుకుంటున్నట్టే చెప్పాడు. కౌంటర్ అబ్బాయి నావైపు చూసి "ఓవర్‌క్లాక్ ఏమన్నా చేశారా?" అన్నాడు. లేదన్నాను. బయటికొచ్చాక నాయిన అడిగాడు, "ఓవర్‌క్లాక్ అంటే ఏంది?" గేమ్ పేరు అని చెప్పాను.

వారంటీలో కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నాయిన రాత్రి పదకొండు దాటాక ఇన్‌పేజ్ ఆయన ఇంటికి పోయి, ఆయన మెషీన్ మీద తెలుగు కొట్టుకుని సహర్ వేళకి తిరిగొచ్చేవాడు. పైసలిస్తే ఆయన తీసుకోలేదట. "పడోసీ హై సాబ్" అన్నాడట. నాయిన రాత్రి తలుపు దగ్గరికి వేసే చప్పుడు నాకు వినబడేది.

సాయంత్రం మేనల్లుడికి ఫోన్ చేశాను. ఒక్క అంకె చెప్పడం కుదరదురా అన్నాను. నీ రైజెన్ తేలిక పని మీద ఉన్నప్పుడు తనంతట తానే 1.4 దాటుతుంది, కంగారు పడకు. కానీ అదే 1.4ని నువ్వు చేత్తో బిగించి, అన్ని కోర్లతో గంటలకొద్దీ పనిచేయిస్తే అరుగుతుంది. అంకె ఒకటే, మోసే కరెంటు వేరు. ఇప్పటి చిప్‌లు ఉన్న వేగమంతా ఫ్యాక్టరీలోనే పిండుకుని వస్తున్నాయి, నీకు మిగిల్చింది తక్కువ. కంపెనీలే గీత సరిగ్గా గీయలేకపోయిన రోజులున్నాయి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్‌లు సాకెట్‌తో సహా కాలితే, ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.3 దగ్గర ఆపింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతున్నాయని తేలితే, ఆగస్టులో మైక్రోకోడ్ మార్చి 1.55 దగ్గర కట్టేశారు, వారంటీ రెండేళ్ళు పెంచారు. అప్పటికే అరిగినవాటిని మాత్రం ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. ఏ సెట్టింగూ ముట్టుకోనివాళ్ళవి కూడా వాటిలో ఉన్నాయి. చేతులు ఊరుకోకపోతే వోల్టేజ్ కొంచెం కొంచెం తగ్గించి చూడు, చల్లగా నడుస్తుంది అన్నాను.

"అంటే పెంచొద్దంటవ్" అన్నాడు నిరాశగా.

"పైసలు ఎవరిచ్చిన్రు?"

"తాత."

తర్వాతి ఆదివారం గౌలిపురా పోయాను. ఆ పెద్ద స్టెబిలైజర్ ఇంకా ఉంది, ఫ్రిజ్‌కి పెట్టారు. నాయిన దాని పక్కనే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఇరవై ఏళ్ళు దాటిన సంగతి పావుగంటలో చెప్పేశాను. బయోస్, పావు వోల్టు, షాపులో అబద్ధం, అన్నీ. ఆయన పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"అయితే కరెంటుది తప్పు లేదంటవ్."

"లేదు నాయినా."

"మరి స్టెబిలైజర్ పెట్టినంక పది రోజులు మంచిగ నడిచింది గద?"

ఆ పది రోజులూ ఆయనకి అంత లెక్కగా గుర్తుంటాయని నేననుకోలేదు. "అప్పుడు నేను తగ్గించి పెట్టిన" అన్నాను.

స్టెబిలైజర్ వైపు ఒకసారి చూశాడు. ముల్లు ఆకుపచ్చలోనే ఉంది.

"మళ్ళ ఎందుకు పెంచినవ్?" అన్నాడు. కోపమేమీ లేదు, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టుంది. చాలాసేపు ఏదో ఒకటి చెబుదామని చూశాను.