అరతులము వెండి

పాప ప్రాయశ్చిత్తము ఆదివారపు సంగతి, పన్నులును ఓట్లును సోమవారపు సంగతి అని మనలో అనేకులు తలంచుచున్నారు. మొదటిది దేవుని సన్నిధిలో తీరు లెక్క, రెండవది సర్కారు కచేరీలో తీరు లెక్క. ఒకదానికి ఒకటి పొత్తు లేదని వారి అభిప్రాయము.

అయితే నిర్గమకాండము 30వ అధ్యాయమును తెరచి చూడుము. ఇశ్రాయేలీయుల జనసంఖ్యను వ్రాయునప్పుడు ఇరువది ఏండ్లు మొదలుకొని పైబడిన ప్రతి పురుషుడును అరతులము వెండి ఇయ్యవలెనని అచ్చట ఆజ్ఞ కలదు. ధనవంతుడు ఎక్కువ ఇయ్యరాదు, బీదవాడు తక్కువ ఇయ్యరాదు. ఆ సొమ్మునకు పేరు ప్రాయశ్చిత్తపు వెండి. లెక్కలో చేరుటయు, ప్రాణము నిమిత్తము ప్రాయశ్చిత్తము చెల్లించుటయు ఒకే పనిగా జరిగినవి! 38వ అధ్యాయములో మొత్తము కూడ ఉన్నది. లెక్కలో చేరినవారు 6,03,550 మంది. వెండి 3,01,775 తులములు. దానిలో చాల భాగమును కరగించి పరిశుద్ధ స్థలమునకు దిమ్మలు పోతపోసిరి. బీదవాని అరతులమేదో, ధనవంతుని అరతులమేదో ఆ దిమ్మలలో ఎవరు గుర్తుపట్టగలరు?

నేను ఈ సంగతిని ఆలోచించుటకు కారకుడు మా సంఘములోని ఒక పెద్దమనిషి. ఆయన ఉద్యోగము విరమించి చాల కాలమైనది. విద్యార్థి దశలో రెండేండ్లు టిక్కెట్టు లేకుండ రైలెక్కి కళాశాలకు పోయి వచ్చెనట. ఆ దినములలో కుర్రవాండ్రు దానిని ఘనతగా ఎంచుకొనెడివారు; ఇప్పుడును ఎంచువారు లేకపోలేదు. ఒకనాటి బైబిలు తరగతిలో ఆయన, "క్రీస్తు నా ఋణమంతయు తీర్చియుండగా, రైలువారి ఋణము నేను తీర్చవలెనా అయ్యగారూ?" అని అడిగెను. కొందరు నవ్విరి. తరగతి నడుపుచున్న బోధకుడు మాత్రము ముఖము ముడుచుకొని, అట్టి చెల్లింపు రక్షకుని రక్తమునందు అవిశ్వాసమే యగునని చెప్పెను. పెద్దమనిషి వాదింపలేదు. ఆనాటి ప్రయాణములను నేటి ధరలకు లెక్కగట్టి, దానికి అయిదవ వంతు కలిపి, పింఛను వచ్చిన ప్రతి నెల స్టేషనుకు పోయి కొన్ని టిక్కెట్లు కొని, చించి జేబులో వేసికొని, నడిచి ఇంటికి వచ్చెడివాడు.

నేను ఆయన పక్షము. ఆ అయిదవ వంతు ఆయన కల్పించినది కాదు. పొరుగువానిని మోసపుచ్చినవాడు ఆ సొమ్మును, దానితో అయిదవ వంతును సొంతదారునికి అప్పగించి, అపరాధ పరిహారమునకు పొట్టేలును తేవలెనని లేవీయకాండము 6వ అధ్యాయము చెప్పుచున్నది. పొట్టేలు తెచ్చితిని గనుక సొమ్ము ఇయ్యననుటకు వీలులేదు. సొమ్ము ఇచ్చితిని గనుక పొట్టేలు అక్కరలేదనుటకును వీలులేదు.

బోధకుని మాటలో సత్యము బొత్తిగా లేదని నేననను. చెల్లించి క్షమాపణ కొనుక్కొందుమని తలంచువాడు సువార్తను ఎరుగడు. యెరికోలో జక్కయ్య ఒక్క కాసైనను తిరిగి ఇయ్యకమునుపే ప్రభువు అతనిని మేడిచెట్టు దిగి రమ్మని పేరుపెట్టి పిలిచెను. లెక్కలు ఆ తరువాత విప్పబడెను. అయితే ఎట్లు విప్పబడెనో చూచితివా? తన పాపమును తానే ఒప్పుకొనినవాడు అసలును, అయిదవ వంతును ఇచ్చిన చాలునని సంఖ్యాకాండము 5వ అధ్యాయము. జక్కయ్య నాలుగంతలు ఇత్తుననెను. నాలుగంతలు గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవానికి విధింపబడిన శిక్ష. నిన్నటివరకు గుత్తదారుడనిపించుకొనినవాడు తన్ను తాను దొంగల వరుసలో నిలువబెట్టుకొనెను.

మన సంగతి చూతము. స్థలము కొనునప్పుడు దస్తావేజులో సగము వెల వ్రాయించి, మిగిలినది చేతిలో పెట్టుట మన ఊళ్లలో వాడుకయైపోయినది. ఆ విధముగా మిగుల్చుకొనిన స్టాంపు రుసుములోనుండి దశమభాగము తీసి కానుకల సంచిలో వేయువారు కలరు! ఓటుకు నోటు పుచ్చుకొని మరునాడు స్తుతి కూడికకు వచ్చువారును కలరు. చట్టము దీనిని బోధింపలేదా? 1976లో మన రాజ్యాంగమున 51ఎ అధికరణము చేరి, పౌరుల విధులను పేర్కొనెను. పన్ను చెల్లించుటను కూడ విధిగా చేర్చవలెనని అప్పటి స్వరణ్ సింగ్ కమిటీ సిఫారసు చేసెను గాని, అది ఆ పట్టీలో చోటు చేసికొనలేదు. చట్టమునకు పన్ను కట్టించుకొను వేరు మార్గములున్నవి, సరే. మనకైతే పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయములో పన్నును, సుంకమును పేరుపెట్టి ఎప్పుడో చెప్పియున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు. పొరుగువాని కోడిని దొంగిలించినచో అతని గడప నాకు తెలియును. ప్రజల సొమ్ము దొంగిలించినవాడు ఏ గడప తొక్కవలెను? ఆ సొమ్ము లేక మందులు చాలని ఆసుపత్రి వసారాలో కూర్చున్న తల్లిని అతడు ఎరుగడు, ఆమె అతనిని ఎరుగదు. సంఖ్యాకాండము ఈ చిక్కును ముందే ఎరుగును. నష్టము పుచ్చుకొనుటకు రక్తసంబంధి లేనియెడల ఆ సొమ్ము యెహోవాదై యాజకునికి చెందవలెనని అచ్చట నియమించెను. పుచ్చుకొనువాడు లేడన్న సాకుతో అప్పు కొట్టివేయబడలేదు.

మన దేశములోను ఒక వాకిలి ఉన్నది. ముందు చూపని ఆదాయమును తానే ఒప్పుకొని చూపుటకు 2022లో ఆదాయపు పన్ను చట్టమునకు సవరణ జరిగెను. మొదటి సంవత్సరములోనైతే పన్ను వడ్డీల మీద నూటికి 25 అదనము. 2025లో గడువును రెండేండ్లనుండి నాలుగేండ్లకు పెంచిరి. ఆలస్యమైన కొలది అదనము నూటికి 70 వరకు పోవును. మోషే అయిదవ వంతు అడిగెను, మన పన్నుల శాఖ నాలుగవ వంతుతో మొదలుపెట్టుచున్నది!

ఆ అరతులమే మత్తయి సువార్త 17వ అధ్యాయములో అరషెకెలు అను పన్నుగా మరల కనబడును. కపెర్నహూములో పన్నువారు పేతురును నిలదీసిరి. రాజు కుమారులు పన్ను కట్టనక్కరలేదని యేసు మొదట తేటగా చెప్పెను. లోకమునకే ప్రాయశ్చిత్తము కాబోవుచున్నవానికి ప్రాయశ్చిత్తపు వెండితో పనియేమి? అయినను వారికి అభ్యంతరము కలుగకుండునట్లు చెల్లింప నిశ్చయించెను. చేప నోట దొరకునని ఆయన చెప్పినది ఒక షెకెలు, ఇద్దరికి సరిపోవు నాణెము. గాలము వేయుటయు, చేప నోరు తెరచుటయు, ఆ నాణెమును పన్నువారి చేతిలో పెట్టుటయు మాత్రము పేతురునకే అప్పగించెను.