పాతిక వాటా

కాంట్రాక్టు పరిశోధకురాలి జీతానికి లండన్‌లో ఇల్లు కొనలేం. అందుకే 2018లో షేర్డ్ ఓనర్‌షిప్ పథకంలో పాతిక శాతం వాటా కొని, మిగతా దానికి హౌసింగ్ అసోసియేషన్‌కి అద్దె కడుతున్నాను. వాటా పాతికే అయినా మరమ్మతులు, సర్వీస్ చార్జీ మొత్తం నావే. 2021లో వచ్చిన కొత్త నమూనా లీజులో మొదటి పదేళ్ళు కొన్ని మరమ్మతుల ఖర్చు సంస్థే భరిస్తుంది. నాది పాత లీజు. వాటా పెంచుకోవాలంటే ఆనాటి మార్కెట్ ధర ఇవ్వాలి.

ఫోన్లో ఈ గోడంతా విని అమ్మ, "పాతికైనా నీ పేరుందిగా! నా గాజులమ్మి మనింటికి స్లాబు వేయించాం. కాగితమ్మీద మీ నాన్న పేరొక్కటే" అంది, మామూలుగా.

తెలుగు కథల్లో ఇంటిచాకిరీ మీద డాక్టరేట్ చేసిన నేను మా ఇంటి దస్తావేజు ఎన్నడూ చూడలేదు. ఈ సెలవుల్లో నాన్ననడగాలి, అమ్మ వాటా ఎంతని.