కత్తెర ఆగని సినిమా

బంజారాహిల్స్‌లోని లామకాన్ ఒకప్పుడు ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీ దర్శకుడు మొయిద్ హసన్ ఇల్లు. 2010 నుంచి నాటకాలకు, ముషాయిరాలకు, చర్చలకు దాని తలుపులు తెరిచి ఉంచారు. అక్కడ చాయ్, సమోసా చవక. ఎంతసేపు కూర్చున్నా లెమ్మనేవారుండరు. నగరంలో మీడియా కోర్సు చదివే విద్యార్థులు ఏడాది చివర్లో తీసిన చిన్న డాక్యుమెంటరీలు అక్కడ వేస్తున్నారని తెలిసి వెళ్లాను. పొద్దుగూకితే గాని ఆరుబయటి తెర మీద బొమ్మ కనపడదు కాబట్టి ఆట ఆలస్యంగానే మొదలైంది. ముందు వరుసల్లో అమ్మానాన్నలు, వెనక గోడవారగా సినిమాలు తీసిన పిల్లలు. గోడవారన నిలబడ్డవాళ్లలో ఒక్కరి గోళ్లూ మిగిలేలా లేవు.

మా తరానికి డాక్యుమెంటరీ అంటే అసలు సినిమాకు ముందు హాల్లో వేసే ఫిల్మ్స్ డివిజన్ రీలు. 1948లో పెట్టిన సంస్థ అది. వరదలు, ఆనకట్టలు, మంత్రుల శంకుస్థాపనలు, వాటి మీద గంభీరమైన గొంతు. హాలువాళ్లు దాన్ని వెయ్యక తప్పేది కాదు, మేం మాత్రం ఆ కాసేపూ బయట పల్లీలు కొనుక్కునేవాళ్లం. ఆ సంస్థను 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. ఆ గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ సాయంత్రం మొదటి సినిమాలోనే వినిపించింది.

అది చేర్యాల నకాషీ బొమ్మల మీద తీసింది. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించడం, ఎర్రరంగు నేల మీద పురాణకథను వరసగా గీయడం, అన్నీ చక్కగా తీశారు. కానీ చిత్రకారుడు నోరు తెరిచేలోపే వ్యాఖ్యాత అందుకుంటాడు. "అంతరించిపోతున్న కళ" అన్న మాట మూడుసార్లు వచ్చింది, వెనకాల వేణువు. గీస్తున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన కళకు సంతాపసభ పెట్టడం నాకు నచ్చదు. ఇరానీ చాయ్ మీద కూడా ఒకటి వచ్చింది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటి ఉంటుందని పక్కన కూర్చున్న మాస్టారు ముందే హెచ్చరించారు. చార్మినార్ మీద పావురాలు లేస్తాయని కూడా చెప్పారు. లేచాయి.

మూసీ మీద తీసినవాళ్లు డ్రోన్ అద్దెకు తెచ్చుకున్నారు. నది పైనుంచి అందంగా కనిపించింది, అదే చిక్కు. అదే నది గురించి ఇంకో జట్టు చేసిన పని మెరుగు. 1908 సెప్టెంబరు వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వీళ్లు వరద కథ చెప్పలేదు. చెట్టుకింద రోగుల తాలూకు మనుషులు టిఫిన్ డబ్బాలు విప్పడం, మందుల చీటీ మీద తగువు పడటం, కొమ్మకు సంచీ తగిలించడం, అంతే. వరద సంగతి చివర్లో రెండే వాక్యాలు, తెర మీద అక్షరాలుగా. నాలుగు నిమిషాల సినిమాకు అది చాలు.

ఆ సాయంత్రానికి నిలిచిన సినిమా మాత్రం మెట్‌పల్లి దగ్గరి ఊరి నుంచి వచ్చిన అమ్మాయిది. వాళ్లమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. సినిమా మొత్తం ఆ ఒక్క గదే. రాత్రి నానేసి తడిగుడ్డలో చుట్టిన తునికాకు, రేకు అచ్చు, కత్తెర, ఒళ్లో చాట, చాటలో తంబాకు. ఆకును అచ్చు కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, మొన మడిచి, దారం కట్టేదాకా కెమెరా కదలదు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. కూలి లెక్క వెయ్యికి. కార్ఖానాలో ఏరి పక్కన పడేసిన వాటికి కూలి ఉండదు. కార్ఖానాలో తీయడానికి అనుమతి దొరకలేదట. అందుకని ఆమె గంప ఎత్తుకుని పోవడం, తిరిగొచ్చి గడపలో కూర్చుని మళ్లీ లెక్కపెట్టుకోవడం మాత్రమే ఉంది. ఎన్ని తగ్గాయో ఆమె వేళ్లు చెబుతాయి. బీడీ కార్మికులకు తెలంగాణలో నెలనెలా 2016 రూపాయల పింఛన్ ఉంది. ఆ మాటా లేదు, వేరే అంకెలూ లేవు. దుబాయి నుంచి అమ్మాయి తండ్రి ఫోన్ వస్తుంది, తల్లి స్పీకర్ పెట్టి చుడుతూనే మాట్లాడుతుంది.

ఆ సినిమాకు సౌండ్ చూసిన కుర్రాడితో తర్వాత మాట్లాడాను. జట్టులో డైరెక్షన్‌కు, కెమెరాకు పోటీ, సౌండ్ చివర మిగిలినవాడికి. తప్పక తీసుకున్నానని నవ్వాడు. షూటింగ్ అయ్యాక గదిలో అందరూ అర నిమిషం కదలకుండా ఉంటే ఆ గది చప్పుడును విడిగా రికార్డు చేసుకుంటారు. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీలు పూడ్చడానికి పనికొస్తుంది. అందరూ ఊపిరి బిగబట్టారు, ఆమె కత్తెర మాత్రం ఆగలేదు. అమ్మా, ఒక్క అర నిమిషం అంటే, "నా చెయ్యి ఆగితే ఎట్ల బిడ్డా, వెయ్యి ఎప్పుడు నిండాలె?" అందట. ఇక ఆ కత్తెర చప్పుడునే ఆ గది చప్పుడనుకుని సినిమా అంతటా పరిచాడు. పేర్లు పడేటప్పుడు కూడా సంగీతం లేదు, కర్‌కర్‌మని అదే. ఆ జట్టులో మొదటి బహుమతి ఇవ్వాల్సి వస్తే నేను వాడికే ఇస్తాను.

ఇంకో సంగతి గమనించాను. కెమెరా అంతటా నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తునే ఉంది. ఇరుకు గదిలో ట్రైపాడ్ కాళ్లు చాచడానికి చోటు లేక బియ్యం డబ్బా మీద పెట్టారట. ఇరుకు చేసిన మేలది. కెమెరా ఎత్తు గురించిన ఈ పాఠం మన దగ్గర ముందే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, బడి మొహం చూడనివాళ్లు, 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. ఆ మహిళలు షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పెత్తందారుకూ బానిసకూ మధ్య ఎత్తు తేడా చూపేవి పటేల్ షాట్, బానిస షాట్, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు తీస్తే సంఘం షాట్. ఫిల్మ్ స్కూళ్లలో ఒక సెమిస్టర్ చెప్పే పాఠం ఇందులో ఉంది. మన పక్కనే పుట్టిన ఈ పాఠాన్ని ఆ రోజు నేను మాట్లాడిన పిల్లల్లో ఒక్కరు కూడా వినలేదు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రాత్రే ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ అనే చిన్న డాక్యుమెంటరీకీ వచ్చిందని మాత్రం అందరికీ తెలుసు.

ఆట అయ్యాక ప్రశ్నలు. ఒకాయన లేచి సూటిగా అడిగాడు: "మీ అమ్మగారి పని చెడగొట్టారు కదా, ఆ కూలి ఎవరిచ్చారు?" అమ్మాయి తడబడింది. రెండో వరుసలోంచి వాళ్లమ్మే లేచింది. "సారూ, ఈ పోరగాండ్లు పగలంత కెమెరా పట్టిండ్రు, రాత్రి కూసుండి నాకు ఆకు కత్తిరించిచ్చిండ్రు. అండ్ల సగం పారేసిన గనీ, కూసున్నరు." జనం గొల్లుమన్నారు. అడిగినాయన కూడా నవ్వి కూర్చున్నాడు.

ఇవి ఇక ఎక్కడికి పోతాయన్నదే బెంగ. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ జరిపే డాక్యుమెంటరీ ఉత్సవానికీ ముంబై ఉత్సవానికీ పంపుతామని పిల్లలు అంటున్నారు. ఎక్కువ భాగం హార్డ్‌డిస్కుల్లోనే ఉండిపోతాయని మాస్టారు అన్నారు. బయటికి వెళ్తుంటే ఆ తల్లి, కూతురి స్నేహితులను చుట్టూ నిలబెట్టుకుని ఊళ్లో ఆట సంగతి తేలుస్తోంది. గోడకు చీర కట్టి వెయ్యొచ్చంటున్నాడు సౌండ్ కుర్రాడు. "ఎప్పుడైనా ఎయ్యుండ్రి గనీ, పొద్దుగాల మాత్రం వద్దు. ఆడోళ్లందరం కార్ఖానకు పోయేది ఉంటది."